ఒక్క ప్లగ్గు, నాలుగు కంట్రోలర్లు

పెళ్ళైన పదకొండో రోజు మా ఇద్దరికీ మొదటి గొడవ జరిగింది. కారణం మంచం పక్కనున్న ఒక ప్లగ్గు.

హారతి కాలేజీ నుంచి వచ్చింది. మా అమ్మ ఇచ్చిన టీ తాగింది. జడ విప్పి ముడేసుకుని, మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, తన ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ బటన్ నొక్కింది. వెలగలేదు. మళ్ళీ నొక్కింది. లేచి గోడ దగ్గరకు వెళ్ళి చూసింది. పొద్దున తను పెట్టి వెళ్ళిన చార్జింగ్ వైరు నేల మీద పడి ఉంది. ప్లగ్గులో నా ప్లేస్టేషన్ కంట్రోలర్ వైరు ఉంది.

"నా వైరు ఎవరు తీశారు?"

గదిలో ఉన్నది ఇద్దరం. అందులో ఒకరు అడుగుతున్నారు.

"నీది నిండిందేమో అనుకున్న," అన్నాను.

"లైటు వెలుగుతోందా, ఆరిందా?"

"చూడలే."

"చూడకుండా ఎలా అనుకున్నావు?"

ఆమె నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఇలాంటి ప్రశ్నలు రోజుకు యాభై మందిని అడిగే మనిషి. ఆ సాయంత్రం ఆరింటికి వాళ్ళ పిన్ని కూతురు భవ్యతో ఆన్‌లైన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది. రెండో కంట్రోలర్ తీసింది. అందులో పెన్సిల్ సెల్లు లేవు. హాల్లో గోడగడియారం మాత్రం మూడు రోజుల తర్వాత టిక్కుటిక్కుమంటూ నడుస్తోంది. మా అమ్మ దమయంతికి ఇంట్లో సెల్లు ఎక్కడ కనిపించినా గడియారమే గుర్తుకొస్తుంది.

హారతి గడియారం వంక చూసింది, నా వంక చూసింది. భవ్యకు ఫోన్ చేసి, ఈ రోజు తను ఓడిపోయినట్టే రాసుకోమంది. నేను మంచం చివర కూర్చుని ఆ సాయంత్రమంతా మంచివాడిగా ఉండటానికి ప్రయత్నించాను.

ఈ ఒక్క ప్లగ్గు గురించి కొంచెం చెప్పాలి.

మా ఇల్లు చిక్కడపల్లిలో, తాత కట్టించింది. మా గదిలో టీవీ గోడకు మూడు పాయింట్లున్నాయి. ఒకటి టీవీకి, ఒకటి నా ప్లేస్టేషన్‌కి, ఒకటి ఆమె ఎక్స్‌బాక్స్‌కి సరిపోయాయి. కంట్రోలర్లు చార్జ్ చేసుకోవడానికి మిగిలింది మంచం పక్క పాయింటొక్కటే. ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టుకోవచ్చు కదా అంటారు. మా నాన్న జగదీశ్వర్ కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై నాలుగేళ్ళు పని చేసి రిటైరయ్యాడు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అన్న మాట వింటేనే ఆయన ముఖం మారిపోతుంది. మనుషులు లేని గదిలో స్విచ్ వేసి ఉంటే ఆర్పేసి వస్తాడు. మేమిద్దరం పొద్దున బయటికి అడుగుపెట్టగానే టీవీ గోడ మొత్తం ఆరిపోతుంది. మంచం పక్క స్విచ్ ఒక్కటే, కోడలి ముఖం చూసి వదిలేస్తాడు.

గొడవైన మర్నాడు నేను నాలుగు నోళ్ళున్న అడాప్టర్ ఒకటి కొని తెచ్చాను. నాన్న దాన్ని గంటసేపు నడిపించి, వేలితో ముట్టుకుని చూసి, తీసి జేబులో వేసుకున్నాడు.

"దీని మీద గుడ్డు పెడితె ఉడుకుతది," అన్నాడు. ఆ అడాప్టర్ మళ్ళీ కనబడలేదు.

ఇక టైంటేబుల్ వేసుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు ప్లగ్గు ఆమెది. మంగళ, గురు, శనివారాలు నాది. ఆదివారం ఎవరు ముందు లేస్తే వాళ్ళది. ప్రతి ఆదివారం ఆమే ముందు లేచేది. నేను కళ్ళు తెరిచేసరికి గోడ దగ్గర చిన్న దీపం వెలుగుతూ ఉండేది, వంటింట్లోంచి ఆమె నవ్వు వినిపించేది. ఓడిపోయినా అంత హాయిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. వాళ్ళది కోస్తా నుంచి వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడిన కుటుంబం. పెళ్ళిచూపుల నాడు పది నిమిషాలు బాల్కనీలో మాట్లాడుకోమన్నారు. నేను ఉద్యోగం గురించి, జీతం గురించి చెప్పడానికి సిద్ధమై వెళ్ళాను. ఆమె గొంతు తగ్గించి, "మీది ఏ కన్సోల్?" అని అడిగింది. చెప్పాను. "అయ్యో," అంది జాలిగా. ఆ జాలికే నేను పడిపోయాను. వైశాఖంలో పెళ్ళైంది.

కానీ, నువ్వంటే నాకు ఇష్టం అన్న మాట ఇద్దరిలో ఎవరమూ అనలేదు. పెద్దల ముందు ఆమె నన్ను మీరు అనేది, గది తలుపు వేయగానే ఉమా అని పిలిచి, నువ్వు అనేది. ఆ మార్పు వినడానికే నేను రోజుకు నాలుగుసార్లు ఏదో పనున్నట్టు గదిలోకి వెళ్ళేవాణ్ణి. నా ఆఫీసు హిమాయత్‌నగర్‌లో. ఇళ్ళకు లోపలి పనులు గీసిచ్చే చిన్న సంస్థ. ఊళ్ళో వాళ్ళ పడకగదుల్లో అడుగడుగునా ప్లగ్గు పాయింట్లు గీసే ఉద్యోగం నాది. సాయంత్రాలు ఆమె కాలేజీ గేటు దగ్గర ఆగితే ఇద్దరం కలిసి నడిచి వచ్చేవాళ్ళం. వాన మొదలైతే ఆమె గొడుగు తెరిచేది కాదు. "ఇంకా పెద్దది రానీ," అనేది. పెద్దది వచ్చేది. అప్పటికి గొడుగు తెరిచినా లాభం ఉండేది కాదు. అదే ఆమెకు కావలసింది.

ఆట ఆడేటప్పుడు ఆమె కాలి వేళ్ళు ముడుచుకునేవి. గోల్ కొట్టే ముందు కింది పెదవి పళ్ళ మధ్యకు వెళ్ళేది. నేను టీవీ చూడటం మానేసి ఓడిపోయేవాణ్ణి. అది తన ప్రతిభ అని ఆమె అనుకునేది.

నలభై రోజులు అలా గడిచాయి. ఆషాఢం వచ్చింది.

కొత్త కోడలు, అత్త ఆషాఢంలో ఒకే గడప దాటకూడదని మా రెండిళ్ళలోనూ పట్టింపు. అల్లుడు అత్తగారి గడప దాటకూడదన్నది వాళ్ళ వైపు అదనం. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కు నడిస్తే పావుగంట. ఆ పావుగంట దూరం నెల రోజులపాటు దేశాలు దాటిపోయినట్టు అవుతుందని మా అమ్మ, వాళ్ళమ్మ ఫోన్‌లో సంతోషంగా తేల్చేశారు.

ఆమె చీరలు సర్దుకుంటుంటే నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. గుండెల్లో ఏదో బరువుగా ఉంది. ఆ బరువును చూపించడం చేతకాక నాలుక తన పని చేసింది.

"నీ ఎక్స్‌బాక్స్ కూడ తీస్కపో హారతీ. ఒక నెల అన్న ప్లగ్గు నాది నాకు ఉంటది."

ఆమె చేతిలో మడతపెడుతున్న చీర ఒక్క క్షణం ఆగింది. తర్వాత అది సూట్‌కేసులోకి వెళ్ళింది. ఆమె లేచి టీవీ దగ్గరకు వెళ్ళి, ఎక్స్‌బాక్స్ తీసి, దాని వైర్లు, రెండు కంట్రోలర్లు, చార్జింగ్ తీగ అన్నీ ఒక నల్ల బ్యాగులో పెట్టుకుంది. ఒక్కటి కూడా మరిచిపోలేదు. నేను నవ్వుతూనే ఉన్నాను. ఆటో కదిలి మలుపు తిరిగాక నవ్వు ఆపాను.

ఆ మర్నాడు బుధవారం. ప్లగ్గు ఆమెది. ఖాళీగా ఉంది. నా కంట్రోలర్ చార్జింగ్ అయిపోయింది, కానీ అందులో వైరు పెట్టబుద్ధి కాలేదు.

మూడో రోజు ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది. ఎక్స్‌బాక్స్ ఇక అశోక్ నగర్‌లోనే ఉంచేద్దామనుకుంటోందట. శ్రావణంలో వచ్చేటప్పుడు తేదట. శనివారాలు పుట్టింటికి వెళ్ళి ఆడుకుని వస్తుందట.

"అక్కడ దానికి చోటు లేదుగా," అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఎలాగో బతిమాలుకునేవాణ్ణి.

ఫోన్ పెట్టాక గది చూశాను. అల్మారాలో పై మూడు అరలు నావి, కింది అర ఆమెది. టేబులు మీద నా కంప్యూటరు. ఆమె పరీక్ష పేపర్లు మంచం మీద దిద్దుకునేది. ఆ ఇంట్లో ఆమె వస్తువులన్నీ ఎక్కడో ఒకచోట సర్దుకుని ఉన్నాయి. తనదంటూ తెచ్చుకున్న ఆటపెట్టె వెనక్కి వెళ్ళిపోయింది. అది తిరిగి రాకపోతే ఆమె మా ఇంట్లో ఉంటుంది, కానీ సగం అశోక్ నగర్‌లోనే ఉండిపోతుంది. నాకు ఆ సగం కూడా కావాలి.

నారాయణగూడలో మెట్ల కింద ఒక సన్నటి దుకాణం ఉంది. అందులో రాజేశం అన్న గేమ్ కంట్రోలర్లు బాగు చేస్తాడు. నా చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకే ప్లగ్గు మీద రెండు కంపెనీల కంట్రోలర్లు, మొత్తం నాలుగు, చార్జ్ అయ్యే స్టాండు కావాలని, అది మా నాన్న చేతికి వేడి తగలకుండా ఉండాలని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, నా కంట్రోలర్ తిప్పి చూశాడు.

"ఒక్కోదానికి నోరు ఒక్కోచోట ఉంటది తమ్మీ. నీదానికి కింద ఉన్నది. ఆమెదానికి వీపు దిక్కు, సెల్లు ఏసే కాడ. రెండూ ఒక్క గిన్నెల కూసోవు."

"మరెట్ల?"

"అడుగు ఒక్కటే చేద్దాం. కంట్రోలర్ కూసునే గిన్నెలు యేరే యేరే. ఊడదీసి పెట్టుకునేటట్టు. రేపు ఇంకో కంపెనీది కొన్నా, గిన్నె మారిస్తె సాలు. స్టాండు గదే."

ఆమె కంట్రోలర్లకు సెల్లు వేసే చోట చిన్న చార్జింగ్ బ్యాటరీ పెట్టి, దాని మూత మీద రెండు ఇత్తడి రేకులు వచ్చేలా చేస్తానన్నాడు. గిన్నెలోనూ రెండు ఇత్తడి మొనలు ఉంటాయి. మొన మీద రేకు ఆనితే చాలు, వైరు గుచ్చే పనే లేదు. కానీ ఆమె కంట్రోలర్ ఒకటి చేతిలో ఉండాలన్నాడు. ఫోటోలు పంపిస్తానంటే ఒప్పుకోలేదు. ఫోటోలో బరువు కనబడదట.

అదే చిక్కు. మామగారు వీరరాఘవరావుగారు హారతిని రోజూ స్కూటర్ మీద కాలేజీలో దింపి, స్కూటర్ మీదే ఎక్కించుకుపోతున్నారు. గేటు దగ్గర రెండు సాయంత్రాలు నిలబడ్డాను. రెండుసార్లూ ఆయన నాకు ఆప్యాయంగా నమస్కారం పెట్టి, పలకరించి, కూతురితో సహా వెళ్ళిపోయారు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపుకు అర్థం ఏమిటో ఆలోచిస్తూ చిక్కడపల్లికి బదులు బాగ్ లింగంపల్లి వైపు నడిచాను.

ఆదివారం పొద్దున సన్నటి జల్లులో అశోక్ నగర్ వెళ్ళాను. వాళ్ళ అపార్టుమెంటు గేటు దగ్గర మాసమ్మ ఉంటుంది. ఆ బిల్డింగుకు కాపలా, కబురు, కోర్టు అన్నీ ఆమే.

"ఏంది అల్లుడా, గీడనే నిలబడ్డవ్? పైకి పోవా?"

"ఆషాఢం కద మాసమ్మా."

"అవ్. గదొకటి ఉన్నది," అని ఆమె స్టూలు నా వైపు జరిపింది.

రెండో అంతస్తు బాల్కనీలోంచి మా అత్తగారు బాలత్రిపురసుందరిగారు తొంగి చూశారు. ఒక నిమిషంలో తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట కిందికి దిగింది. రోజూ పాల ప్యాకెట్లు, కూరగాయలు పైకి వెళ్ళే బుట్ట అది. అందులో ఒక గొడుగు, మూత పెట్టిన డబ్బాలో రెండు పెసరట్లు ఉన్నాయి.

"గడప దాటొద్దన్నారు గానీ తినొద్దనలేదు బాబూ. వేడిగా ఉన్నప్పుడే తినండి," అన్నారు పైనుంచి.

నేను ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పెసరట్టు పట్టుకుని నిలబడి ఉండగా అత్తగారు లోపలికి వెళ్ళారు, హారతి బాల్కనీలోకి వచ్చింది. తలంటుకుందేమో, జుట్టుకు తువ్వాలు చుట్టి ఉంది. ఇన్ని రోజులకు ఆమెను సరిగా చూడటం అదే. పెసరట్టు ఏ రుచిలో ఉందో ఇప్పటికీ చెప్పలేను.

నీ కంట్రోలర్ ఒకటి ఇవ్వు అన్నాను. ఎందుకంది. ఇప్పుడు చెప్పలేనన్నాను. నీది పాడైపోయిందా అంది. కాదన్నాను.

"మరి నీ ప్లగ్గు నీకు ఉందిగా. నాదెందుకు?"

మాసమ్మ ఊడ్చడం ఆపింది. పుస్తకాలు పట్టుకుని కోచింగ్‌కు పోతున్న నలుగురు, టీ బండి దగ్గర మరో ముగ్గురు మా వైపు తిరిగారు. ఫిజిక్స్ చెప్పే గొంతు రెండో అంతస్తు నుంచి వస్తే ఆ గల్లీ మొత్తం మొదటి బెంచీయే.

"హారతీ, ఆ రోజు నేనన్నది జోక్."

"తెలుసు."

"తెలిసి కూడ కోపమా?"

"జోకే ఉమా. కానీ అబద్ధం కాదు. ఆ గదిలో ప్లగ్గు నీదే. నేను టైంటేబుల్ ప్రకారం వాడుకుంటున్నాను. ఇన్నాళ్ళూ సరదాగానే అనిపించింది. నువ్వు పైకి అనేసరికి సరదాగా లేదు."

వాన కొంచెం పెరిగింది. నా దగ్గర చాలా మాటలున్నాయి. దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాను. అవన్నీ వదిలేశాను.

"మాటతోని ఒకసారి చెడగొట్టిన. మళ్ళ మాటతోనే బాగు చేస్తనంటె నువ్వు నమ్మొద్దు. ఆ కంట్రోలర్ వచ్చే ఆదివారం దాక నాకియ్యి. గంతే."

ఆమె లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. మాసమ్మ నా చేతిలోంచి ఖాళీ డబ్బా తీసుకుంది. "ఇస్తది," అంది మెల్లగా. బాల్కనీలో మళ్ళీ కదలిక. బుట్ట దిగింది. పాల కవర్లో చుట్టి, దాని పైన మళ్ళీ చేతిరుమాలు కప్పిన కంట్రోలర్ ఉంది అందులో. పైకి చూసేసరికి ఆమె లేదు. తాడు మాత్రం ఇంకా కొంచెం ఊగుతోంది.

వరసగా ఆరు సాయంత్రాలు రాజేశం అన్న దుకాణంలో కూర్చున్నాను. మా ఆఫీసు వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్క తెచ్చి, అడుగు నేను చెక్కాను. గిన్నెలకు లోపల మెత్తటి గుడ్డ అంటించాను. ఆమె కంట్రోలర్ బొటనవేలు ఆనే చోట కొంచెం నున్నగా అరిగి ఉంది. ఆ అరిగిన చోటు చూస్తూ పని ఆపేస్తే రాజేశం అన్న దగ్గేవాడు. వైర్లు, లోపలి పని ఆయనది. ఎడమవైపు నావి రెండు, కుడివైపు ఆమెవి రెండు. వెనక నుంచి ఒకే తీగ.

ఆదివారం కంట్రోలర్ బుట్టలో పెట్టి పైకి పంపించాను. బ్యాటరీ మూత మారిందని ఆమె వెంటనే పట్టేసింది. ఏం చేశావని అడిగింది. శ్రావణంలో చూస్తావన్నాను.

"ఎక్స్‌బాక్స్ తెస్తేనే కదా చూసేది?"

"తెచ్చుడు, తేకపోవుడు నీ ఇష్టం హారతీ."

అలా అనడం ఎంత కష్టమైందో ఆ గల్లీలో ఎవరికీ తెలియదు.

ఇంట్లో అసలు పరీక్ష నాన్నది. స్టాండు కింది చెక్క విప్పించాడు. వైరు ఎంత మందం ఉందో చూశాడు. టెస్టర్ పెట్టాడు. రాజేశం అన్నకు ఫోన్ చేసి ఏవో లెక్కలు అడిగాడు. తర్వాత నా రెండు కంట్రోలర్లు పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని, పేపరు చదువుతూ రెండు గంటలు కూర్చున్నాడు. చివరికి అరచేయి తిప్పి స్టాండు మీద ఆనించాడు.

"వేడి లేదు," అన్నాడు.

మా నాన్న నోటి నుంచి ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు. అమ్మ సంగతంతా వింది. అది కోడలి కోసమా అని మాత్రం అడిగింది.

శ్రావణం మొదటి శుక్రవారం పొద్దున మామగారి కారు మా ఇంటి ముందు ఆగింది. నేను మూడు మెట్లు ఒక్క అంగలో దిగాను. స్వీట్ల బుట్టలు దిగాయి. పండ్లు దిగాయి. సూట్‌కేసు దిగింది. నెమలికంఠం రంగు చీర, తల నిండా మల్లెలు, హారతి దిగింది. వెనకే అత్తగారు దిగారు, మామగారు కారు తలుపు వేశారు.

నల్ల బ్యాగు లేదు.

నేను స్వీట్ల బుట్ట ఎత్తుకుని లోపలికి నడిచాను. ముఖం మామూలుగా పెట్టుకున్నాననే అనుకున్నాను. అందరూ హాల్లో కూర్చుని, ఆషాఢం ఎంత నెమ్మదిగా గడిచిందో ఒకరికొకరు చెప్పుకుంటుంటే హారతి గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిసంచిలోంచి ఒకే ఒక్క కంట్రోలర్ తీసింది. నేను అడిగి తీసుకున్నదే.

"ఒక్కటి తెచ్చాను. చూశాక మిగతా సంగతి."

మంచం పక్క బల్ల మీద ఉన్న స్టాండు మీద గుడ్డ తీశాను. ఆమె చాలాసేపు చూసింది. వేలితో చెక్క అంచు నిమిరింది. కుడివైపు గిన్నె చూసి, నా వైపు చూసి, కంట్రోలర్ అందులో ఉంచింది. సరిగ్గా కూర్చుంది. స్విచ్ వేశాను.

నా వైపు దీపాలు రెండూ వెలిగాయి. ఆమె వైపు దీపం వెలగలేదు.

తీసి మళ్ళీ పెట్టాను. వెలగలేదు. పక్క గిన్నెలో పెట్టాను. అదీ వెలగలేదు. నాన్న పరీక్ష చేసింది నా కంట్రోలర్లతోనే. దుకాణంలో ఆమెది రెండు గిన్నెల్లోనూ వెలిగింది, నా కళ్ళతో చూశాను. స్విచ్ ఆర్పి మళ్ళీ వేశాను. ఆరు సాయంత్రాలు కష్టపడి, నావి మాత్రమే చార్జ్ అయ్యే స్టాండు ఆమెకు బహుమతిగా చూపిస్తున్నాను.

"హారతీ, నిజంగ, చేసిన నాడు వెలిగింది..."

"ఒక్క నిమిషం ఉండు. ఊరికే అనుకోకూడదు, చూడాలి," అని ఆమె కంట్రోలర్ తీసి పక్కన పెట్టి, గిన్నెలోకి వంగి చూసింది. ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

"ఉమా, ఇలా రా. ఇది చూడు."

ఇత్తడి మొనల మీద పసుపు ముద్ద ఎండిపోయి అట్ట కట్టింది. దాని మీద గుండ్రటి కుంకుమ బొట్టు. రెండు గిన్నెల్లోనూ అంతే. నా వైపు చెక్క మూల మీద ఉందా లేదా అన్నట్టు ఒక చుక్క ఉంది.

అంతలో అమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చింది. మేమిద్దరం స్టాండు మీదికి వంగి ఉండటం చూసి ఆగిపోయింది.

"ఏమైంది? పొద్దుగాల పూజ అయినంక నేనే పెట్టిన. కొత్త సామాను గద, బొట్టు పెట్టకుంట ఎట్ల వాడుతరు? వీనిదానికేం, ఊకె చుక్క పెట్టిన. నీ దిక్కు మంచిగ నిండుగ పెట్టిన బిడ్డా. నువ్వు ఇయ్యాల ఇంటికి వస్తున్నవ్ గద."

హారతి నవ్వు ఆగిపోయింది. నీళ్ళ గ్లాసు అందుకుని, రెండో చేత్తో అమ్మ చేయి పట్టుకుంది. అమ్మకు ఏమీ అర్థం కాక, పాడైందా అని భయంగా అడిగింది. లేదు అత్తయ్యా, బాగుంది అంది హారతి. అమ్మ నమ్మీ నమ్మనట్టు చూస్తూ, అన్నాలకు వేళైందని చెప్పి వెళ్ళిపోయింది.

చేతిరుమాలు కొస తడిపి ఇత్తడి మొనలు తుడవబోయాను. ఆమె నా చేయి పక్కకు తోసింది. రెండు చేతుల వేళ్ళూ గ్లాసు నీళ్ళతో తడుపుకుని, ఒక్కో గిన్నెలో మొనల మీద మాత్రమే నెమ్మదిగా రుద్ది, చుట్టూ ఉన్న పసుపు, కుంకుమ అలాగే ఉంచింది. కంట్రోలర్ పెట్టింది. చిన్న దీపం వెలిగింది.

ఇద్దరం పక్కపక్కన కూర్చుని దాన్నే చూశాం. బయట వాన మొదలైనట్టుంది, కిటికీ రేకు మీద చప్పుడు.

ఆమె లేచి, తలుపు కొంచెం తెరిచి, హాల్లోకి పిలిచింది. "నాన్నా, ఆ బ్యాగు తెచ్చేయండి."

"డిక్కీలోనే ఉందమ్మా. నువ్వు చెప్పేదాకా దింపొద్దన్నావుగా," అన్నారు వీరరాఘవరావుగారు.

నేను ఆమె వంక చూశాను. ఆమె కిటికీ వంక చూసింది.

"అంటె, తెచ్చినవా?"

"తెచ్చాను. నిన్ననే సర్దాను. నువ్వు మా బాల్కనీ కింద వానలో నిలబడ్డ రోజే తేవాలనుకున్నాను, అసలు చెప్పాలంటే."

"మరి మెట్ల కాడ నా ముఖం చూసి కూడ చెప్పలే."

"ఆ ముఖం ఇంకాసేపు చూడాలనిపించింది. నా ఆటపెట్టె కోసం ఒక మనిషి అంత దిగులు పడటం నేను ఎక్కడ చూస్తాను?"

"నీ ఆటపెట్టె కోసం కాదు."

ఆమె నా వైపు తిరిగింది. ఇన్నాళ్ళూ ఎప్పుడు అనాలో తెలియక దాచుకున్న మాట, ఆ క్షణంలో ఎవరో తలుపు తీసినట్టు బయటికి వచ్చేసింది.

"నువ్వంటె నాకు చాన ఇష్టం హారతీ. పెండ్లిచూపుల నాడు అయ్యో అన్నవ్ చూడు, అప్పటి సంది."

"అంత ముందు నుంచా?" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. "నాకు అంత ముందు నుంచి లేదు. అబద్ధం చెప్పను. పదకొండో రోజు గొడవయ్యాక, మంచం చివర చేతులు కట్టుకుని, మాట్లాడకుండా కూర్చున్నావు చూడు రెండు గంటలు. అప్పుడు మొదలైంది. ఇప్పుడు చాలా ఉంది."

రెండు చేతులతో నా ముఖం పట్టుకుంది. తర్వాత జరిగింది రాయను. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఊహించుకోండి, పాతవాళ్ళు గుర్తు చేసుకోండి.

మళ్ళీ పిలుపు వచ్చాక భోజనాలకు వెళ్ళాం. అత్తగారు పప్పు వడ్డిస్తున్నారు, అమ్మ నెయ్యి వేస్తోంది. నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. అత్తగారు నా ముఖం చూశారు. వెంటనే చూపు పప్పు గిన్నెలోకి దించుకున్నారు. అమ్మ చూసింది. నెయ్యి ఇంకో రెండు చెంచాలు ఎక్కువ పడింది. మామగారు నాన్నను ఉన్నట్టుండి ఆ మధ్య పెరిగిన కరెంటు చార్జీల గురించి అడిగారు.

ఎదురుగా హారతి తల వంచుకుని అన్నం కలుపుతోంది. జుట్టులో మల్లెలు సన్నగా ఊగుతున్నాయి. ఎందుకు నవ్వుతోందో నాకు చేతులు కడుక్కునేటప్పుడు, అద్దంలో చూసుకున్నాక గానీ అర్థం కాలేదు.

నా రెండు చెంపల మీదా, నాలుగేసి వేళ్ళ గుర్తులు, పసుపూ కుంకుమలతో.